దేశదేశముల ద్రాక్ష లెక్కలు

ద్రాక్ష యనగానే మన కావ్యప్రియులకు మొదట స్ఫురించునది ద్రాక్షాపాకము. నోట వేసికొన్నంతనే రసమూరు కవిత్వమునకు మనవారు ఆ పేరు పెట్టిరి. కదళీపాకమువలె తోలు ఒలువనక్కఱలేదు, నారికేళపాకమువలె పగులగొట్టనక్కఱలేదు. కాని నేడు నేను చెప్పబోవు ద్రాక్ష విషయము ఆ పాకమున పడునది కాదు. అది అంకెల విషయము. టెంకాయవలె పగులగొట్టిననే గాని లోని నీరు చిక్కదు. శ్రోతలు కొంచెము ఓర్పు వహింపవలెనని మొదటనే మనవి చేసికొనుచున్నాను. పెన్సిలు కాగితము తెచ్చుకొననక్కఱలేదు. నాలుగైదు అంకెలు జ్ఞాపకముంచుకొన్న చాలును.

ఏ దేశమున ఎంత ద్రాక్ష పండుచున్నది, పండినదానిలో ఎంత తాజాగా తినుచున్నారు, ఎంత ఎండబెట్టుచున్నారు, ఎంత పిండి మద్యము చేయుచున్నారు, ఈ మొత్తములు నూటయేబది యేండ్లలో ఎట్లు మారినవి అని యెవరైన అడిగినచో, పట్టిక తెఱచి చదివిన సరిపోవునని తోచును. పట్టికలకు కొదువ లేదు. కొదువయెల్ల ఆ పట్టికలలోని అంకెలకు ఒకే అర్థము లేకపోవుటయే. మద్యమును గూర్చి మాటలాడుచున్నాడేమని పెద్దలు కొందఱు నొసలు ముడుచుకొందురేమో. త్రాగుమని గాని మానుమని గాని చెప్పుటకు నేను రాలేదు. ప్రపంచమున పండు ద్రాక్షలో ఇంచుమించు సగము మద్యమునకే పోవుచున్నది. దానిని విడిచి ద్రాక్ష లెక్క చెప్పుట, వడ్లను విడిచి మన గోదావరీ కృష్ణా మండలముల పంట లెక్క చెప్పుట వంటిది.

మొదట కొలతల సంగతి. మద్యమును హెక్టోలీటర్లలో కొలుతురు. హెక్టోలీటరనగా నూఱు లీటర్లు. ఎండుద్రాక్షను టన్నులలో తూతురు. తోటలను హెక్టారులలో లెక్కింతురు. హెక్టారనగా మన రెండున్నర ఎకరములకు కొంచెము తక్కువ. ఇప్పుడొక రైతు తోటలో 1,300 కిలోల ద్రాక్ష కాచినదనుకొందము. దానిని బుట్టల కెత్తి బజారునకు పంపినచో 1,300 కిలోలుగనే లెక్కకెక్కును. పిండి పులియబెట్టినచో సుమారు పది హెక్టోలీటర్ల మద్యమగును. ఎండబెట్టినచో నీరంతయు ఆవిరియై ఇంచుమించు మూడువందల కిలోలు మిగులును. తోట అదే, పంట అదే, చెమటయు అదే. ఒక పట్టికలో పది, ఒక పట్టికలో మూడువందలు, మఱొక పట్టికలో పదమూడువందలు. ఏ పట్టిక చేతికి చిక్కినదో దానిని బట్టి ఆ రైతు చిన్నవాడో పెద్దవాడో అగుచున్నాడు.

దేశముల మాటయు ఇట్టిదే. టర్కీదేశము ఏటేట రెండు మూడు లక్షల టన్నుల ఎండుద్రాక్షను తయారుచేయును. దానిని తాజాపండుగా త్రిప్పి లెక్కించినచో పదిలక్షల టన్నుల మాట. అయినను మద్యపు పట్టికలో టర్కీ పేరు ఎక్కడనో అడుగున వెదకవలసియుండును. పట్టికను మాత్రమే చూచినవాడు, టర్కీవారికి ద్రాక్షతో పని తక్కువ యని తీర్మానించును.

ఇందు భాష కూడ ఒక చిక్కు. ద్రాక్షారసమను మాట మనకు అప్పుడే పిండిన తీపిరసమునకును చెల్లును, పులిసిన మద్యమునకును చెల్లును. తెలుగు బైబిలు చదివినవారికి రెండవ అర్థమే ఎక్కువ పరిచితము. లెక్కలు వ్రాయువారికి ఇట్టి వెసులుబాటు లేదు. నేడు అంతర్జాతీయముగ ప్రకటింపబడు మద్యోత్పత్తి లెక్కలలో పులియని రసమును చేర్చరు. స్పెయినుదేశమువారు పిండిన రసములో కొంత పులియబెట్టక, చిక్కబఱచి, పానీయములు మొదలగువానికై అమ్ముదురు. కావున ఆ దేశపు యంత్రములు ఎంత ద్రాక్షను నలిపినవో, అంత మద్యము పట్టికలో కనబడదు.

ఇంతవఱకు దేశమును దేశముతో పోల్చుటలోని చిక్కు. కాలమును కాలముతో పోల్చుట ఇంతకంటె గడ్డు. దీనికి ఫ్రాన్సుదేశమును మించిన ఉదాహరణము లేదు. 1875లో ఆ దేశమున తయారైన మద్యము సుమారు 8 కోట్ల 40 లక్షల హెక్టోలీటర్లు. 1889లో సుమారు 2 కోట్ల 30 లక్షలు. పదునాలుగేండ్లలో నాలుగింట మూడువంతులు మాయమైనది. యుద్ధమా యన్న, యుద్ధము 1871లోనే ముగిసినది. కఱవా యన్న, కఱవు కాదు.

కారణము కంటికి ఆననంత చిన్న పురుగు. 1863 మొదలుకొని దక్షిణ ఫ్రాన్సులో రోను నది దాపున తీగెలు హేతువు తెలియక వాడసాగినవి. రైతులు చచ్చిన తీగెలను పెఱికి చూచిరి. వేళ్ళు కుళ్ళియుండెనే గాని వేఱేమియు కనబడలేదు. 1868లో మోంపెలియే నగరపు వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాంషోన్ అనునతడు, తోడివారితో గూడ ఒక తోటకు పోయి, చచ్చినవానిని గాక, పక్కన ఇంకను పచ్చగనున్న తీగెల వేళ్ళను పరీక్షించెను. వానిపై పసుపుపచ్చని పేలవంటి పురుగులు గుంపులు గుంపులుగ నుండెను. చచ్చిన వేళ్ళలో రసముండదు గావున పురుగు వానిని విడిచి పొరుగు తీగెకు పోవుచుండెను. దొంగ పోయిన ఇంటిలో వెదకిన దొంగ దొరకునా? ఆ పురుగునకు ఫిలాక్సెరా యని పేరు. అది అమెరికా ఖండమునుండి తెచ్చిన తీగెలతో ఓడలెక్కి వచ్చినది. మందు కనిపెట్టినవారికి ఫ్రెంచి ప్రభుత్వము 1874లో మూడులక్షల ఫ్రాంకుల బహుమానము ప్రకటించెను. పురుగును సమూలముగ తుదముట్టించు మందు దొరకనే లేదు. ఆ పురుగునకు తట్టుకొనగల అమెరికా తీగెల వేరుపై ఫ్రెంచి కొమ్మను అంటుకట్టుటయే తుదకు తరణోపాయమైనది. బహుమానము మాత్రము ఎవరికిని ముట్టలేదు.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. 1875వ సంవత్సరపు పంట అసాధారణమైన పంట. దానినే మొదటి మెట్టుగ తీసికొని పోల్చినచో పతనము ఉన్నదానికంటె లోతుగ కనబడును. కాలమును కాలముతో పోల్చువాడు శిఖరమునుండి అగాధమునకు గీత గీసి చూపించినచో, అతని అంకెలు నిజమే కావచ్చును గాని అతనిని కొంచెము శంకింపవలెను. అయినను, ఈ హెచ్చరిక యంతయు తీసివేసిన పిమ్మట కూడ, నష్టము అపారమే. పల్లెలు పాడుపడినవి. ఎన్నియో కుటుంబములు సముద్రము దాటిపోయినవి.

మద్యము తగ్గినంతగా ఫ్రెంచివారి దప్పి తగ్గలేదు. ఆ లోటును ఎవరో ఒకరు పూరింపవలెను గదా. స్పెయిను, ఇటలీ దేశములు తమ పీపాలను ఫ్రాన్సునకు పంపసాగినవి. ఆ దేశముల పట్టికలు ఒక్కసారిగ ఉబ్బినవి. కాని నేను ముఖ్యముగ చెప్పదలచినది గ్రీసుదేశపు సంగతి. ఇంతచిన్న దేశమునకు ఇంతపెద్ద పాఠము మఱి యే పంటయు నేర్పియుండదు.

గ్రీసులో పెలొపొనీసు తీరమున, పత్రాసు రేవు చుట్టుపట్ల, కొరింతు ద్రాక్ష యను చిన్న నల్లని గింజలేని పండు పండును. దానిని ఎండబెట్టి ఇంగ్లండునకు పంపుచుండిరి. ఆ దేశపు రొట్టెలలోను, పండుగ పిండివంటలలోను అది పడును. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున గ్రీసు ఎగుమతుల విలువలో సగమునకు పైగా ఈ ఒక్క పండే. ఫ్రాన్సులో తోటలు చచ్చిన పిమ్మట, ఫ్రెంచి వ్యాపారులకు ఒక యుక్తి తోచినది. ఎండుద్రాక్షను నీట నానబెట్టి, పిండి, పులియబెట్టినచో అదియు ఒకవిధమైన మద్యమగును. కొరింతు ద్రాక్ష ఓడలకోడలు మార్సెయి రేవున దిగసాగినది. ధర పెరిగినది. గ్రీకు రైతులు ఓలివు చెట్లు నఱికి ద్రాక్ష నాటిరి. అప్పుచేసియు నాటిరి.

లెక్కలు వ్రాయువాని అవస్థ ఇక్కడ చూడుడు. పండు గ్రీసులో పండినది. గ్రీసు లెక్కలో ఎండుద్రాక్షగ టన్నులలో ఎక్కినది. అదే పండు ఫ్రాన్సులో నానినది. అచట మద్యముగ హెక్టోలీటర్లలో నడచినది. ఒకే పండు రెండు దేశములలో రెండు రూపములతో రెండుమార్లు పుట్టినది. దీనిని ఫ్రాన్సు పంట యనవలెనా? ఫ్రెంచి రైతులు ఒప్పుకొనలేదు. 1889లో ఫ్రాన్సుదేశమున గ్రిఫ్ చట్టమను పేరుగల శాసనము వచ్చినది. తాజా ద్రాక్ష పులిసినందున కలిగినదానికే వైను అను పేరు చెల్లునని ఆ చట్టము నిర్ణయించినది. 1892లో దిగుమతి సుంకములు హెచ్చినవి. అప్పటికి అంటుకట్టిన కొత్త తోటలు ఫ్రాన్సులో కాపునకు వచ్చినవి. గ్రీకు పండుతో పని తీరిపోయినది.

1893లో కొరింతు ద్రాక్ష ధర కుప్పకూలినది. ఆ డిసెంబరులోనే గ్రీకు ప్రభుత్వము ఋణములు చెల్లింపజాలనని చేతులెత్తెను. దివాలాకు ద్రాక్ష ఒక్కటే కారణమనుట అతిశయోక్తి. విదేశ ఋణములు అంతకుముందే మెడబంటి యున్నవి. కాని ఆ ఋణములు తీర్చుటకు వలయు రాబడి ఏ పండుమీద నిలిచినదో ఆ పండే పోయినది. పెలొపొనీసు పల్లెలనుండి యువకులు వేలకొలది అమెరికాకు వలసపోయిరి. 1895లో గ్రీసు ప్రభుత్వము ఒక చట్టము చేసినది: ఎగుమతిచేయువాడు తన సరకుతోపాటు కొంతభాగమును ప్రభుత్వమునకు అప్పగింపవలెను, ఆ భాగము పరదేశములకు పోరాదు, బట్టీపెట్టి సారాయముగ మార్చవలెను. పండిన పంటలో కొంత బజారునకు కనబడకుండ దాచుట! పంట లెక్కలో అది యున్నది. ఎగుమతి లెక్కలో లేదు. ఏ లెక్క చూచినవానికి ఆ రైతు బాధ తెలియవలెను?

ఫ్రాన్సునకు తిరిగివత్తము. కొత్త తోటలు పాతవానికంటె మిక్కిలి కాపు కాచినవి. 1900 ప్రాంతమునుండి ధర పడిపోసాగెను. మద్యము కొట్లలో నిలువయుండగా, పట్టణపు వ్యాపారులు చక్కెరయు నీరును కలిపి కల్తీ మద్యము తయారుచేయుచున్నారని దక్షిణపు రైతులు మొఱపెట్టిరి. 1907 మార్చి 11వ తేదీన అర్జెలియే అను చిన్న గ్రామమునుండి 87 మంది నార్బోన్ పట్టణమునకు నడచిపోయిరి. వారి నాయకుడు మార్సెలన్ ఆల్బేర్. కొద్దిపాటి తోటయు కాఫీహోటలును ఉన్న సామాన్యుడు. వారమువారము సభలు జరిగినవి. ప్రతిసభకును జనము ఇబ్బడి ముబ్బడియైనది. జూను 9వ తేదీన మోంపెలియే నగరమున చేరినవారు తక్కువ లెక్కచొప్పున అయిదులక్షలందురు. ఇక్కడ కూడ లెక్కలలో భేదమున్నది. ఎనిమిదిలక్షలన్నవారు కూడ కలరు. ఎనభై యేడుగురికి మాత్రము భేదము లేదు, పేరుపేరున వ్రాసికొనిరి.

తరువాత కథ విషాదము. నార్బోనులో సైనికులు కాల్పులు జరిపిరి, ప్రాణములు పోయినవి. ఆ ప్రాంతపు బిడ్డలే యున్న 17వ కాల్బలము, తమవారిపై తుపాకి ఎత్తమని తిరుగబడి బెజియే పట్టణమునకు నడచివచ్చినది. ఆల్బేరు రహస్యముగ పారిసు పోయి ప్రధానమంత్రి క్లెమన్సోను దర్శించెను. క్లెమన్సో ఆయనకు రైలుఖర్చులకని నూఱు ఫ్రాంకుల నోటు ఇచ్చి, ఆ సంగతి పత్రికలవారికి చెప్పెను. దానితో ఆ అమాయకుని పరువు ఊరివారియెదుటనే పోయినది. రాజకీయములలో నూఱు ఫ్రాంకులతో ఇంతపని సాధించినవారు తక్కువ.

కాని జూను 29వ తేదీన వచ్చిన చట్టమే మన విషయమునకు ముఖ్యము. దాని ప్రకారము, ద్రాక్ష పండించు ప్రతివాడును కోత యైనపిమ్మట తన గ్రామకార్యాలయమునకు పోయి, కాపునకు వచ్చిన తోట ఎంత, తయారైన మద్యమెంత, నిరుటి నిలువ ఎంత అని వ్రాయించుకొనవలెను. ఆ పుస్తకమును ఎవరైనను చూడవచ్చును. ఎవరెంత వ్రాయించిరో ఆ జాబితాను పేర్లతోసహా కార్యాలయపు తలుపున అంటింపవలెను. నూఱు పీపాలు పండించినవాడు నూటయేబది అమ్మినచో, ఆ యేబది యెక్కడినుండి వచ్చినవని పొరుగువాడే అడుగగలడు. మనము నేడు ఫ్రాన్సుదేశపు ద్రాక్షలెక్కలు నమ్మదగినవని చెప్పుకొనుచున్నామే, ఆ నమ్మకము పండితులు గదిలో కూర్చుండి కల్పించినది కాదు. ధర పడి, కడుపు మాడి, వీథిని పడిన రైతులు తెచ్చిపెట్టినది. అంతకుముందటి అంకెలు అధికారుల అంచనాలు; తరువాతివి రైతుల వాఙ్మూలములు. ఒకే గీతపై రెండింటిని చుక్కలుపెట్టి కలుపువారు ఈ సంగతి మఱవరాదు.

రైతులు కల్తీని నిందించిరి గాని, అది సగము నిజమే యని నా యభిప్రాయము. మిగిలిన సగము వారి సొంత తోటల అధికపు కాపులోను, మధ్యధరాసముద్రమున కావలి యొడ్డునను ఉన్నది. ఆ యొడ్డు అల్జీరియా.

1830 తరువాత ఫ్రెంచివారి అధీనమైన ఆ దేశమున, ఫిలాక్సెరా తఱుమగా వచ్చిన రైతులు ద్రాక్ష నాటిరి. 1930లు వచ్చుసరికి అచట ఇంచుమించు నాలుగులక్షల హెక్టారుల తోటలు, ఏటికి సుమారు రెండుకోట్ల హెక్టోలీటర్ల మద్యము. జనులలో అత్యధికులు మద్యము ముట్టని మహమ్మదీయులు. తోటలో కూలి వారిది, తోట వలసవచ్చినవారిది, మద్యమంతయు ఫ్రాన్సునకు. అక్కడ పలుచని దక్షిణ ఫ్రాన్సు మద్యమునకు రంగును బలమును ఇచ్చుటకు దానిని కలుపుచుండిరి. అల్జీరియా ఫ్రాన్సులో జిల్లాలుగనే పరిగణింపబడుచుండెను గావున, దాని పంటను ఫ్రాన్సు లెక్కలో కలుపవలెనా, వేఱుగ చూపవలెనా అను ప్రశ్న ప్రతి పట్టికకును తగులుకొనియుండును. కలిపిన ఒక ఫ్రాన్సు, కలుపకున్న మఱొక ఫ్రాన్సు.

1960లో ప్రపంచమున మద్యము ఎగుమతిచేయు దేశములలో అల్జీరియాదే మొదటి స్థానము. 1962లో దేశము స్వతంత్రమైనది. తోటల యజమానులు వెడలిపోయిరి. కొలదియేండ్లలో ఫ్రాన్సు కొనుట తగ్గించినది. కొంతకాలము సోవియట్ రష్యా తక్కువ ధరకు కొన్నది. 1970లనుండి తోటలు పెఱికి ధాన్యము వేయసాగిరి. నేటి పట్టికలో అల్జీరియా స్థానము వెదకుటకు ఓపిక కావలెను. పురుగు లేదు, కఱవు లేదు. కొనువాడు లేకపోయెను, అంతే. మద్యమునకు పెఱికిన తోటనుగూర్చి విచారింపనివారు కూడ, ఆ తోటలో కూలిచేసి బ్రతికినవాని సంగతి తలపోయవలసియుండును.

మద్యము తగ్గెననిన ద్రాక్ష తగ్గెనని అర్థము కాదనుటకు అమెరికా సంయుక్తరాష్ట్రములు సాక్ష్యము. 1920 మొదలు 1933 వఱకు అక్కడ మద్యనిషేధము. మద్యశాలలు మూతపడినవి, అధికారపు లెక్కలో మద్యము పాతాళమునకు దిగినది. కాని కాలిఫోర్నియాలో ద్రాక్షతోటల విస్తీర్ణము ఆ యేండ్లలోనే ఇంచుమించు రెట్టింపైనది! చట్టమున ఒక సందు కలదు: ఏ కుటుంబమైనను ఏటికి 200 గ్యాలన్లవఱకు పండ్లరసమును ఇంటివాడుకకు చేసికొనవచ్చును. మత్తు ఉండరాదని షరతు. పీపాలోని రసమునకు ఈ షరతు తెలియదు గదా. తోలు గట్టిగనుండి, రైలుప్రయాణమునకు ఓర్చు ఎఱ్ఱని ద్రాక్ష బండ్లకొలది చికాగో, న్యూయార్కు నగరములకు పోయినది. చిక్కబఱచిన ద్రాక్షను ఇటుకలవలె చేసి అమ్మినవారు, ఇట్లిట్లు చేసినచో ఇది పులిసి మద్యమగును, కావున చేయకుడని పైన అచ్చువేసి హెచ్చరించిరని చెప్పుదురు. ఇంతకంటె చక్కని వంటపుస్తకము ఉండదు.

సోవియట్ దేశమున 1985లో మద్యపానమును అణచుటకు ఉద్యమము సాగించి మోల్డావియా మొదలగుచోట్ల తోటలు పెఱికించిరి. 1991లో ఆ దేశమే లేకుండపోయినది. ఒకప్పుడు పట్టిక పైభాగమున నుండిన ఆ పేరు ఇప్పుడు మోల్డోవా, జార్జియా, ఉక్రెయిను మున్నగు పేర్లుగ చీలి క్రిందిభాగమున కనబడును.

ఇన్ని చిక్కులుండగా దేశములు ఒక మాటపై నడువవలెనని 1924లో ఎనిమిది దేశములు పారిసులో కూడి ఒక అంతర్జాతీయ కార్యాలయమును స్థాపించినవి. స్పెయిను, ఫ్రాన్సు, ఇటలీ, గ్రీసు, పోర్చుగలు, హంగరీ, లక్సెంబర్గు, ట్యునీసియా. అదియే పెరిగి నేడు ద్రాక్ష, మద్యముల లెక్కలను ఏటేట ప్రకటించు సంస్థయైనది.

దాని నేటి లెక్కలు రెండుమూడు విన్నవించెదను. 1981 నుండి 1985 వఱకు ప్రపంచమున ఏటికి సరాసరిన 33 కోట్ల హెక్టోలీటర్లకు పైగా మద్యము తయారయ్యెడిది. 2023లో సుమారు 23 కోట్ల 70 లక్షలు. 1961 తరువాత అంత తక్కువ లేదనిరి. 2024లో దానికంటెను తగ్గి సుమారు 22 కోట్ల 60 లక్షలైనది. 2023లో ఫ్రాన్సు 4 కోట్ల 80 లక్షలతో మొదటిది; ఇటలీ 3 కోట్ల 80 లక్షలతో రెండవది. మఱుచటి యేడు ఇటలీ 4 కోట్ల 40 లక్షలతో మొదటికెక్కినది, ఫ్రాన్సు 3 కోట్ల 60 లక్షలకు దిగినది. ఒక్క యేటిలో ఇటలీవారు ప్రజ్ఞావంతులై ఫ్రెంచివారు సోమరులైరా? 2023లో ఇటలీ తోటలకు బూజుతెగులు పట్టినది, 2024లో ఆ గతి ఫ్రాన్సునకు పట్టినది. ఒక్క సంవత్సరపు వరుసను చూచి గెలుపోటములు చాటు పత్రికలకు ఈ విషయము పట్టదు. అయిదేండ్ల సరాసరిని చూచుట మేలు. పదియేండ్లది మఱింత మేలు.

తోటల విస్తీర్ణమున చూచితిమా, మొదటిది ఫ్రాన్సు కాదు, ఇటలీ కాదు, స్పెయిను. అచటి మెట్టభూములలో తీగెలను దూరదూరముగ నాటుదురు. ద్రాక్షకు నీరు పెట్టుట 1996 వఱకు సాధారణముగ నిషిద్ధము. అందుచే తోట పెద్దది, కాపు చిన్నది. మూడవస్థానము చైనాది. కాని చైనా ద్రాక్షలో అధికభాగము పండుగనే తినబడును. అక్కడ 2012 ప్రాంతమున కోటి హెక్టోలీటర్లకు మించిన మద్యము, 2023 నాటికి 32 లక్షలకు దిగినది. తోటలు ఆ పాళ్ళలో తగ్గలేదు. మనదేశమును ఇట్టిదే, ముప్పది లక్షల టన్నులకు పైగా పండించుచున్నను, దానిలో అధికభాగము పండుగ తినబడునదియు, మహారాష్ట్రమున సాంగ్లీ ప్రాంతమున ఎండబెట్టబడునదియు. హైదరాబాదు చుట్టును ఒకప్పుడు విస్తారముగ పండిన అనాబెషాహీ ద్రాక్ష ఏ మద్యపు పట్టికకును ఎక్కలేదు. ఎక్కనందున ఆ తోటలు లేవని యెవరనగలరు? నేడు ఆ తోటలున్న నేలలో పెక్కుభాగమున ఇండ్లు లేచినవి.

ఫ్రాన్సునకే వచ్చి ముగించెదను. 1960 ప్రాంతమున ఆ దేశమున మనిషికి ఏటికి నూటయిరువది లీటర్లకు పైగా త్రాగుచుండిరి. నేడు అందులో సగము కూడ త్రాగుట లేదు. అందుచే మద్యము మరల కొట్లలో పేరుకొన్నది. 2023లో అక్కడి ప్రభుత్వము మిగులు మద్యమును కొని బట్టీపెట్టించుటకై ఇరువదికోట్ల యూరోలు కేటాయించినది. ఆ ఆల్కహాలు అత్తరులకును, చేతులు శుభ్రపఱచుకొను ద్రవములకును పోవును. బోర్డో ప్రాంతమున వేలకొలది హెక్టారుల తోటలు పెఱికివేసినవారికి సొమ్ము ఇచ్చిరి. 1895లో గ్రీసు చేసిన పనియే ఇది, పేరు వేఱు. అట్లు బట్టీకెక్కిన మద్యము కూడ అది తయారైన యేటి ఉత్పత్తి లెక్కలో హెక్టోలీటరు తప్పక ఉన్నది.

రైతు నేటికిని కోత కాగానే తన తోట ఎంత, తయారైన దెంత యని వ్రాసి యిచ్చుచున్నాడు. ఇప్పుడు గ్రామకార్యాలయపు పుస్తకమున కాదు, సుంకశాఖవారి కంప్యూటరులో.